మందు అలవాటయ్యేదాకా

భవానీపూర్, కలకత్తా
జూలై 9

మైథిలీ,

ఫోనులో చెప్పలేక ఇది రాస్తున్నాను. ఫోనంటే అమ్మ పక్కనే కూర్చుని "ఏటంట, ఏటంట" అంటుంది, ప్రణవ్ స్పీకర్ పెట్టేస్తాడు. సరుకుల గురించి ఫోను, మన గురించి కాగితం అని నేను ఇక్కడికి బదిలీ అయినప్పుడు నువ్వే అన్నావు. కంగారు పడకుండా చదువు. నాకు బీపీ వచ్చింది.

సోమవారం బ్యాంకులో కూర్చుని ఉండగా ముక్కులోంచి రక్తం కారింది. ఎండకి అనుకుని కర్చీఫ్ అదుముకున్నాను. మా బ్రాంచిలో నేను కాక ఇంకో తెలుగావిడ ఉన్నారు, జ్ఞానప్రసూన గారు. లోన్లు చూస్తారు. కాకినాడ వాళ్ళు. భర్త పోయాక తండ్రిని తెచ్చుకుని సాల్ట్ లేక్‌లో ఉంటున్నారు. ఆవిడ చూసి, "మూర్తిగారూ, ఇది ఎండ కాదండి, లేవండి" అని బ్రాంచి ఎదురుగా ఉన్న డాక్టరు దగ్గరికి నడిపించారు.

డాక్టరు చిన్న పిల్ల. మన ప్రణవ్‌కి అక్కలా ఉంటుంది. చేతికి పట్టీ కట్టి చూసింది, రెండో చేతికి కట్టి మళ్ళీ చూసింది. ఇక్కడ బీపీ అనరు, ప్రెషర్ అంటారు. ఆ ప్రెషర్ పైది నూట ఎనభై దాటిందట. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే నాన్న సంగతి చెప్పాను. పక్షవాతం వచ్చి ఆయన ఎన్నాళ్ళు మంచాన ఉన్నాడో, నువ్వు ఎలా చేశావో అంతా గుర్తొచ్చింది. మాత్ర రాసిచ్చింది. జీవితాంతం వేసుకోవాలట.

అమ్మకి చెప్పకు. నాన్నని తల్చుకుని ఏడుస్తుంది.

నీ
భానుమూర్తి


విజయనగరం
జూలై 18

ఏమండీ,

మీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుకుని, అక్కడే ఏడ్చి, మొహం కడుక్కుని సెకండియర్ పిల్లలకి బోటనీ చెప్పడానికి వెళ్ళాను. ఏం చెప్పానో నాకు తెలియదు. పిల్లలు రాసుకున్నారు పాపం.

ప్రసూనగారికి నా తరపున దణ్ణం పెట్టండి. ఆవిడ లేకపోతే మీరు కర్చీఫ్ అదుముకుని సాయంత్రం దాకా కూర్చునేవారే. మీ సంగతి నాకు తెలియదా?

ఉప్పు మానేశారా? వంటమనిషికి చెప్పారా? బెంగాలీ వంటలో పంచదార వేస్తారు, ఉప్పు వెయ్యరు అనుకోకండి, రెండూ వేస్తారు. ఇక్కడ నేను ఊరగాయ జాడీ అటకెక్కించేశాను. మీరు తినకుండా నాకు ముద్ద దిగడం లేదు. అత్తయ్యగారు "ఏటమ్మా, వాడు కలకత్తాలో ఉంటే మాకిక్కడ పచ్చడి లేదేటి?" అన్నారు. చెప్పలేదు. మళ్ళీ జాడీ దింపాను.

దసరా సెలవులు మీకు బాగా ఇస్తారు కదా. సిరిమాను ఉత్సవం దాకా ఉండేలా రండి. నేను చూసుకుంటాను మీ బీపీ సంగతి. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే అదే దిగుతుంది. మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ నేను మంచంలో నా వైపే పడుకుంటున్నాను, మీ సగం అలాగే వదిలేసి. కాలేజీకెళ్ళే కొడుకున్నదాన్ని, ఇలా రాయొచ్చో లేదో. చదివి చింపేయండి.

చింపరని తెలుసు.

మీ
మైథిలి


భవానీపూర్
ఆగస్టు 30

మైథిలీ,

చింపలేదు.

ఆలస్యానికి కారణం మందు. మొదటిచ్చిన మాత్రకి కాళ్ళు వాచాయి. బూట్లు పట్టక చెప్పులతోనే బ్రాంచికి వెళ్ళాను. డాక్టరమ్మ అది మాన్పించి ఇంకోటి రాసింది. ఇందులో రెండు మందులు కలిసి ఉంటాయట, ఒకటి ఒంట్లో నీరు తీసేది, ఇంకోటి గుండెని నెమ్మదిగా కొట్టించేది. ప్రెషర్ దిగింది, సంతోషించు. కానీ చేతులు చల్లబడిపోతున్నాయి, ఈ ఉక్కలో కూడా. కూర్చుని చటుక్కున లేస్తే లోకం ఒక పక్కకి ఒరుగుతుంది. మొన్న జతిన్ దాస్ పార్క్ మెట్రో మెట్ల మీద సగంలో కూర్చుండిపోయాను. ఒకాయన నీళ్ళిచ్చి, పైదాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆయన రైలు ఆయన వదులుకున్నాడు.

అలవాటయ్యేదాకా ఓపిక పట్టమంది డాక్టరు. "ఆర్ కోనో అసుబిధే?" అని అడిగింది, ఇంకేమైనా ఇబ్బందా అని. లేదన్నాను.

ప్రసూనగారి నాన్నగారికి కూడా ఉప్పు లేని తిండే కాబట్టి అప్పుడప్పుడు నాకూ ఒక డబ్బా తెస్తున్నారు. తిండికి ఇబ్బంది లేదు.

దసరాకి వస్తాను. టికెట్టు తీసుకున్నాను.

భానుమూర్తి


విజయనగరం
నవంబరు 6

ఏమండీ,

మీరు వెళ్ళి వారం అయింది. రాయకూడదనుకున్నాను, రాయకుండా ఉండలేకపోతున్నాను.

వచ్చిన మొదటి రోజు ప్రయాణం బడలిక అనుకున్నాను. రెండో రోజు చుట్టాలు. ఆ తరువాత ఏమనుకోవాలో నాకు తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. చెయ్యి వేస్తే మెల్లిగా తీసి పక్కన పెట్టారు. విసిరికొట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఎవరిదో వస్తువు పొరపాటున మీ మీద పడితే తీసి పెట్టినట్టు పెట్టారు. తరువాత ప్రణవ్ గదిలో ఫ్యాను బాగుందని అక్కడికి పక్క మార్చేసుకున్నారు. సిరిమాను నాడు అంత జనంలో నా భుజం పట్టుకుని నడిపిస్తారని ఎదురు చూశాను. అత్తయ్యగారిని పట్టుకున్నారు. తప్పు లేదు, పెద్దావిడ. కానీ నా వైపు ఒక్కసారి చూడలేదు.

నేనేమైనా చేశానా? లావయ్యానా? ఏదైనా మాట తూలానా? అడిగితే "ఏమీ లేదు, పడుకో" అన్నారు. ఏమీ లేకపోతే మనిషి ఇలా ఉంటాడా?

ఇది మందు వల్ల నీరసమైతే నీరసమని చెప్పండి. నమ్ముతాను.

మైథిలి


భవానీపూర్
నవంబరు 24

మైథిలికి,

నీరసమే. తనిఖీలు కూడా ఉన్నాయి, బుర్ర పనిచేయడం లేదు. ప్రతిదానికీ ఇలా అర్థాలు తీస్తే ఎలా? మనకేం కొత్తగా పెళ్ళయిందా? ఈ వయసులో ఇంకా ఇవన్నీ ఏమిటి?

ప్రణవ్ ఫీజు పంపాను. అమ్మ కళ్ళ పరీక్ష ఆలస్యం చెయ్యకు.

భానుమూర్తి


విజయనగరం
డిసెంబరు 14

భానుమూర్తి గారికి,

ఆదివారం పొద్దున్న మీకు ఫోను చేశాను. ఒకావిడ తీశారు. తెలుగులోనే, "మూర్తిగారు పడుకున్నారండి, లేచాక చెబుతాను" అన్నారు. మీరెవరండీ అని అడిగేసరికి తడబడ్డారు. "ప్రసూననండి" అని పెట్టేశారు.

ఆదివారం, మీ ఇంట్లో, మీరు పడుకుని ఉండగా.

సాయంత్రం మీరు ఫోను చేసి ప్రణవ్ పరీక్షల గురించి అడిగారు. పొద్దున్న సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అత్తయ్యగారు ఎదురుగా ఉన్నారని.

ఈ వయసులో ఇవన్నీ ఏమిటని నన్ను అడిగారు కదా. ఇప్పుడు నేనడుగుతున్నాను. అవునో కాదో ఒక్క మాట రాయండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు.

మైథిలి


భవానీపూర్
జనవరి 8

మైథిలీ,

మీ అన్నయ్య మృత్యుంజయ మొన్న మా బ్రాంచికి వచ్చాడు. ఆయన నీకు ఏమని చెప్పాడో నాకు తెలియదు. జరిగింది రాస్తాను.

మా బ్రాంచి గార్డెన్ రీచ్‌లో, రేవుకి దగ్గర. నెల మొదట్లో పింఛన్లకి వచ్చేవాళ్ళలో సగం మంది మన శ్రీకాకుళం వాళ్ళే. హాలు నిండా జనం. మీ అన్నయ్య తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బావా నీ కథ? మా చెల్లి అక్కడ నీ తల్లికి వండి పెడతంటే నువ్విక్కడ ఇంకో కాపరం పెట్టావేటి? ఏదీ ఆవిడ?"

మెల్లిగా మాట్లాడమన్నాను. "మెల్లిగేటి? నలుగురికీ తెలియాలి" అన్నాడు.

ప్రసూనగారు తన గదిలోంచి బయటికొచ్చారు. "నేనేనండి ప్రసూన. మీకేం కావాలి?" అన్నారు.

"మొగుడు పోయాడని ఇంకో ఆడదాని మొగుడు కావలసొచ్చాడా నీకు?" అన్నాడు మీ అన్నయ్య.

వరసలో ఉన్న వాళ్ళకి ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాని బెంగాలీలకి ఆ వేలు చూపించడం చాలు. కాసులమ్మ అని ఒక ముసలావిడ, ఎన్నో ఏళ్ళుగా మా ఖాతాదారు, "బాబూ, ఆడకూతుర్ని అలగనకూడదు, కళ్ళు పోతాయి" అంది. ప్రసూనగారు ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశారు. నేనేదో అంటానని ఆగారు.

అందామనే లేచాను మైథిలీ. చటుక్కున లేచాను. తల తిరిగింది. బల్ల పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూలబడి తల దించుకున్నాను. కళ్ళు చీకట్లు కమ్మి కాసేపు ఏమీ కనబడలేదు. కళ్ళు తెరిచేసరికి హాల్లో అందరి మొహాల మీదా ఒకటే ఉంది. తప్పు చేసినవాడు తల దించుకున్నాడని అనుకున్నారు. ఆవిడ కూడా అలాగే అనుకున్నారేమో, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తరువాత నేను లేచి ఏం చెప్పినా ఎవరు వింటారు?

ఆవిడ బదిలీకి రాసిచ్చారు.

నువ్వు అడిగిన ఆదివారం సంగతి. అంతకు ముందు రోజు నేను స్నానాల గదిలో పడ్డాను. నుదురు పగిలింది. ఇంటివాళ్ళావిడ నా ఫోనులో ప్రసూనగారి నంబరు చూసి ఆవిడకి ఫోను చేసింది. తండ్రిని వెంటపెట్టుకుని వచ్చారు. కుట్లు వేయించి, మర్నాడు పొద్దున్న మళ్ళీ చూడ్డానికి వచ్చారు. ఇంటికి ఏమీ చెప్పవద్దని ఆవిడ చేత మాట తీసుకున్నది నేనే. అందుకే ఫోనులో తడబడి పెట్టేశారు.

నీ డిసెంబరు ఉత్తరానికి 'కాదు' అని ఒక్క మాట రాయొచ్చు. రాయబోయాను. కాదంటే మరి దసరాకి అలా ఎందుకున్నారని అడుగుతావు. దానికి జవాబు నా దగ్గర ఉంది, చేతికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆగస్టులో మార్చిన మాత్ర మొదలుపెట్టాక నేను మగవాడిగా పనికిరాకుండా పోయాను. మొదట్లో అలసట అనుకున్నాను. మందు వల్లేమోనని అనుమానం వచ్చింది, వయసేమోనని భయం వేసింది. ఆ చిన్న పిల్ల డాక్టరుకి ఎలా చెప్పను? మాత్ర మానేద్దామని చేతిలోకి తీసుకుని, నాన్న మంచం గుర్తొచ్చి మింగేవాణ్ణి. మానేస్తే నాన్నలా అవుతాను, వేసుకుంటే నీకేమీ కాను. దసరాకి నీ చెయ్యి తీసి పక్కన పెట్టింది నువ్వు వద్దని కాదు. ఆ చెయ్యికి సంగతి తెలిసిపోతుందని.

భానుమూర్తి


విజయనగరం
జనవరి 17

ఏమండీ,

మీ ఉత్తరం చదివి ఎంతసేపు అలా కూర్చున్నానో. అత్తయ్యగారు వచ్చి "ఏటయిందమ్మా, మూర్తికేటైనా అయిందా" అని ఏడుపు మొదలుపెట్టారు. బాగానే ఉన్నారని చెప్పాను.

అన్నయ్యని నేనే పంపాను. మీ జవాబు రాకపోయేసరికి వెళ్ళి కనుక్కోమన్నాను. బ్రాంచికి వెళ్ళమనలేదు, అలా అరవమనలేదు. కానీ పంపింది నేను. తిరిగొచ్చి "తల దించుకున్నాడు, ఇంకేటి కావాల నీకు?" అన్నాడు. నేనూ అదే నమ్మాను. ఆ తల ఎందుకు వాలిందో ఇప్పుడు తెలిసింది. మీ నుదుటి మీద కుట్లు పడ్డాయని కూడా ఇప్పుడే తెలిసింది.

ప్రసూనగారి కాళ్ళ మీద పడతాను. అన్నయ్యని కూడా లాక్కొచ్చి పడేస్తాను.

కానీ ఒక్కటి అడగనివ్వండి. మామయ్యగారికి ఒళ్ళు తుడిచినదాన్ని, మంచం మార్చినదాన్ని. ఒంటికి వచ్చే ఏ కష్టం చూసి నేను మొహం తిప్పుకున్నాను? నాకు కావలసింది పక్కన వెచ్చగా ఒక మనిషి. దాన్ని ఏ మాత్రా ఆపలేదు. మీరు ఆపారు. నా చెయ్యికి తెలిస్తే ఏమవుతుందనుకున్నారు? ఆ చెయ్యి అక్కడే ఉండేది. అంతే జరిగేది.

ప్రణవ్ పరీక్షలవగానే బయల్దేరి వస్తాను. డాక్టరుకి చెప్పండి. మీకు సిగ్గయితే నేను చెబుతాను.

మీ
మైథిలి


భవానీపూర్
ఫిబ్రవరి 20

మైథిలీ,

డాక్టరుకి చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఎటా ఆగే బోల్‌బేన్ తో!" అంది. ఇది ముందే చెప్పాల్సింది కదా అని. చాలామందికి అవుతుందట. ఆ మందు ఒక్కసారిగా ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గించి, వేరే రకం మొదలుపెట్టింది. ఇంతకాలం నేను మోసినదాన్ని ఆమె ఒక్క గీతతో కొట్టేసి కింద ఇంకో పేరు రాసేసింది. ఆటో దిగి చిల్లర తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

కొత్త మందు పడింది. లేస్తే తల తిరగడం లేదు. ప్రెషర్ అదుపులో ఉంది. మొన్న పొద్దున్న నిద్ర లేచేసరికి తెలిసింది, రెండో సంగతి కూడా సర్దుకుందని. సంతోషించాలి కదా. మంచం అంచున కూర్చుని ఏడ్చాను.

ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను. నీ మీద కోపం లేదు. కోపమైతే తగ్గేది. నువ్వు అడిగావు, నేను చెప్పలేదు, నువ్వు ఇంకేం చేస్తావు? లెక్క చూస్తే తప్పు నాదే ఎక్కువ. కానీ నిన్ను తలుచుకుంటే మన ఇల్లు రావడం లేదు, ఆ హాలు వస్తోంది. పింఛనుకి వచ్చినవాళ్ళ మొహాలు, ఆవిడ నా వైపు చూసిన చూపు. నీ పక్కన కూర్చున్నా నేను అక్కడే కూర్చుని ఉంటాను.

ప్రసూనగారికి సిలిగురి ఇచ్చారు. వచ్చే నెల వెళ్ళిపోతున్నారు. ఆ పెద్దాయనకి ఇక్కడి ఆసుపత్రి, ఇక్కడి మనుషులు అలవాటు.

నేను ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉంటానని రాసిచ్చాను. ప్రణవ్‌కి, అమ్మకి ఏ లోటూ రానివ్వను. నువ్వు రావద్దు.

భానుమూర్తి


విజయనగరం
ఏప్రిల్ 2

ఏమండీ,

రావద్దన్నా వచ్చాను. వచ్చి వెళ్ళాను. ఎదురుగా చెప్పలేనివి కొన్ని మిగిలాయి.

మీరు బ్రాంచికి వెళ్ళిన రోజు నేను ఒక్కదాన్నీ సాల్ట్ లేక్ వెళ్ళాను. మీకు చెప్పలేదు. ప్రసూనగారు అట్టపెట్టెలకి తాళ్ళు కడుతున్నారు. నేనెవరో చెప్పగానే ఆవిడ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపారు. "వద్దండి. మా నాన్న చూస్తున్నారు" అన్నారు. ఆ పెద్దాయన పడకకుర్చీలో కూర్చుని, "మూర్తిగారి మిసెస్సా? కాఫీ ఇచ్చావా అమ్మా?" అని అడిగారు. ఆయనకి ఏమీ తెలియదు. పదోన్నతి మీద వెళుతున్నారని చెప్పారట.

కాఫీ ఇచ్చారు. తాగమన్నారు, తాగాను. గుమ్మం దాకా వచ్చి, "మీ అన్నయ్యగారి మాటలు నేను మర్చిపోగలనండి. పరాయివాడు. మూర్తిగారు కూర్చుండిపోయారు చూశారా, అది మర్చిపోలేకపోతున్నాను" అన్నారు. ఆయన తల తిరిగి కూర్చున్నారండీ, మందు వల్లండీ, అన్నాను. "తెలుసు. తరువాత ఆయనే వచ్చి చెప్పారు. తెలిసినా అంతే" అన్నారు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇక మన సంగతి. మీరు నన్ను ఎంత బాగా చూసుకున్నారో. మంచం నాకిచ్చి మీరు ముందు గదిలో పడుకున్నారు. పొద్దున్నే కాఫీ కలిపి తెచ్చారు. కాళీఘాట్ తీసుకెళ్ళారు, చెప్పులు మీరే పట్టుకున్నారు. మీ నుదుటి మీద ఆ మచ్చ ముట్టుకుంటే కళ్ళు మూసుకుని ముట్టుకోనిచ్చారు, సూది వేయించుకునేవాళ్ళలా ఓర్చుకుంటూ. మధ్యాహ్నం మీ పక్కన వచ్చి కూర్చుంటే లేవలేదు. నా చేతిలో మీ చెయ్యి కూడా ఉంచారు. ఇద్దరం కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టల్ని చూస్తూ కూర్చున్నాం. మీరేదో అంటారని నేను, నేనేదో అంటానని మీరు. వాన వచ్చి వాళ్ళు బట్టలు తీసుకెళ్ళిపోయారు.

దసరాకి నా చెయ్యి తీసి పక్కన పెట్టిన మనిషి నావాడే. అప్పుడు తెలియక ఏడ్చాను. ఇప్పుడు చెయ్యి తియ్యలేదు.

మూడేళ్ళు ఉండండి. నేను అడ్డు చెప్పను. అత్తయ్యగారితో మీకు అక్కడ పని ఎక్కువని చెప్పాను. అన్నయ్య మన ఇంటికి రావడం లేదు, నేను రావద్దన్నాను. మందు వేళకి వేసుకోండి. ఇక మీదట డాక్టరు ఏమైనా ఇబ్బందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాకు రాయకపోయినా ఆ అమ్మాయికి చెప్పండి.

హౌరాలో నా పెట్టె సీటు కింద పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గర నిలబడ్డారు. పెళ్ళయిన నాటి నుంచి మీరు నన్ను 'నువ్వు' అనడమే ఎరుగుదును, కోపంలో కూడా. బండి కదలబోతుంటే లోపలికి వంగి, "నీళ్ళ సీసా పెట్టుకున్నారా?" అన్నారు. మీరు గమనించారో లేదో నాకు తెలియదు. ఎవరిని అడుగుతున్నారో అని నేను వెనక్కి తిరిగి చూశాను.

నా వెనక ఎవరూ లేరండీ.

మైథిలి